గోదారి యాస రీల్స్‌లో పెరిగిందా, ఇళ్ళల్లో తగ్గిందా?

విభాగం: మన ఊరి మాట

గౌతమి_గట్టు (రావులపాలెం)

నాది మందుల షాపు. కౌంటరు వెనక నిలబడి రోజంతా జనం మాటలు వినడమే పని. కొన్నాళ్ళుగా ఒకటి గమనిస్తున్నాను, మీకూ అలాగే ఉందో లేదో చెప్పండి.

యాభై దాటినవాళ్ళు వస్తే "ఆ తెల్ల మాత్తర్లు ఓ పట్టీ ఇయ్యండి" అంటారు. ఇరవై లోపు పిల్లలు "బ్రో, జ్వరం టాబ్లెట్ ఉందా" అంటారు. నాకు నడివయసు దాటింది. బ్రో అన్నందుకు బాధేం లేదు, వయసు తగ్గినట్టే ఉంటుంది. నన్ను ఆలోచనలో పడేసింది వేరే. అదే పిల్లాడు బయటికెళ్ళి బండి మీద కూర్చుని, ఫోను మొహానికి ఎదురుగా పెట్టుకుని "ఆయ్... మాది గోదారండీ... ఆయ్" అని వీడియో తీస్తాడు. నాతో అనని అండి, ఆయ్ ఫోనుతో అంటాడు.

మరి మన యాస మనూరోళ్ళతో మాట్లాడుకోవడానికా, బయటోళ్ళకి చూపించుకోవడానికా? మన జిల్లాల వాళ్ళు, బయటికెళ్ళినవాళ్ళు, కోడళ్ళుగా అల్లుళ్ళుగా వచ్చినవాళ్ళు అందరూ రాయండి. ఒకటే మనవి, రాజకీయాలు వద్దు.

హాస్టల్_రూమ్‌మేట్ (భీమవరం, ఇంజనీరింగ్)

అంకుల్, బ్రో అంటే మర్యాద లేకపోవడం కాదు. మా బ్యాచ్‌లో గుంటూరోళ్ళు, కడపోళ్ళు, వైజాగోళ్ళు అందరూ ఉన్నారు. ఒకడు "ఏందిరా" అంటాడు, ఒకడు "ఏట్రా" అంటాడు, ఒకడు "ఏమప్పా" అంటాడు. బ్రో ఎవరి ఊరిదీ కాదు, అందుకే అందరికీ సరిపోతుంది. మీతో అండి అంటే నాకు ఇంటర్వ్యూకి వచ్చినట్టుంటుంది.

రీల్‌లో ఆయ్ అంటారా, అది వైబ్ అంతే. సంక్రాంతికి పంచె కట్టుకుని ఫొటో దిగుతాం, మర్నాడు జీన్స్ వేసుకుంటాం. పంచె అబద్ధమా?

తణుకు_టు_మాదాపూర్

పంచె పోలిక బాగుంది తమ్ముడూ. కానీ పంచె విప్పేస్తే మళ్ళీ కట్టుకోవచ్చు, మాట అలా కాదనుకుంటా.

నా సంగతి చెప్తాను. నేను హైదరాబాద్ వచ్చిన కొత్తలో రూమ్‌లో ఎవరు పిలిచినా "ఆయ్" అని పలికేవాణ్ణి. వారం తిరక్కుండా అదే నా పేరైపోయింది. "ఒరేయ్ ఆయ్, టీ తాగుదాం రా". సిగ్గేసి మానేశాను. పట్టుబట్టి "వచ్చాడు, చెప్పాడు" అని టీవీ వార్తల భాష మాట్లాడటం నేర్చుకున్నాను. ఇప్పుడు అదే ఊళ్ళో, అదే వయసు పిల్లలు, ఆఫీసులో నన్ను పట్టుకుని "అన్నా, ఒకసారి గోదారి యాసలో మాట్లాడవా, రీల్ పెడతాం" అంటారు. అప్పుడు దాచుకున్న మాట ఇప్పుడు అడిగి మరీ వింటున్నారు. నేను మాట్లాడబోతే రాలేదు. వచ్చినా సినిమా కమెడియన్ మాటలా వచ్చింది.

ఇది ఎప్పుడు తిరగబడిందని ఆలోచిస్తే, 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది, పల్లెల్లో కూడా వీడియో తీసేవాళ్ళు పుట్టుకొచ్చారు. అంతకుముందు మన యాసని ఎవరో రాసి, ఎవరో నటిస్తే మనం చూసేవాళ్ళం. టిక్‌టాక్‌తో మనమే తీయడం మొదలెట్టాం. 2020 జూన్ 29న దాన్ని నిషేధించారు, జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ దిగాయి. పేరు మారింది గానీ జనం వాళ్ళే.

తెలుగు_మాస్టారు (పాలకొల్లు, విశ్రాంత ఉపాధ్యాయుడు)

చిరంజీవులందరికీ ఆశీస్సులు. గౌతమి గట్టు గారు మంచి ప్రశ్న వేశారు.

ముందు ఆయ్ సంగతి. మా చిన్నతనంలో ఆయ్ అన్నది బదులు. ఎవరో పిలిస్తే "ఆయ్" అని పలుకుతాం. పెద్దవాళ్ళు ఏదైనా చెబుతుంటే వింటున్నామని తెలియడానికి మధ్యమధ్య "ఆయ్... ఆయ్" అంటాం. అవతలి మనిషి ఉంటేనే దానికి అర్థం. ఎవరూ పిలవకుండా తనంతట తాను మొదలుపెట్టి ప్రతి వాక్యానికీ ముందొకటి వెనకొకటి ఆయ్ తగిలించేవాణ్ణి నేను గోదావరి రెండు గట్లమీదా చూడలేదు. ఫోన్లలోనే చూస్తున్నాను.

ఇక యాస అంటే ఆయ్, అండి మాత్రమే అనుకోవడం ఇంకో పొరపాటు. అసలు యాస వినపడీ వినపడని చోట ఉంటుంది. వెళ్ళాడు అనే చోట "ఎళ్ళేడు", వస్తున్నాడు అనే చోట "వత్తన్నాడు", చూస్తాను అనే చోట "చూత్తాను". అన్నిటికంటే ముఖ్యమైంది వచ్చాడు, చేశాడు అనేటప్పుడు నడిమి అచ్చు. మనవైపు అది ఆ కాదు, ఏ కాదు, రెంటికీ మధ్య నోరు వెడల్పు చేసి పలికేది. దానికి మన వర్ణమాలలో అక్షరమే లేదు. అందుకని కొందరు వచ్చాడు అని, మన తూర్పువైపు వాళ్ళు వచ్చేడు అని రాశారు. ఈ సూక్ష్మాలేవీ రీల్స్‌కి అక్కర్లేదు. పెద్ద గొంతుతో పట్టుబడేవి రెండు మూడు మాటలు తీసుకుని మిగతాది వదిలేస్తున్నారు. యాస చావడం లేదు బాబూ, చిక్కిపోతోంది.

కెమెరా_కుర్రోడు (రాజోలు వైపు)

మాస్టారూ నమస్కారం. మీరు తిడుతున్నది నాలాంటోణ్ణే కాబట్టి సమాధానం కూడా నేనే చెప్పాలి.

నేను వీడియోలు చేస్తాను. కొబ్బరి దింపు, పంటు మీద రేవు దాటడం, పనసపొట్టు కొట్టడం, అత్తా కోడళ్ళ కామెడీ, అన్నీ. ఇంట్లో మాట్లాడే మాటకీ కెమెరా ముందు మాట్లాడే మాటకీ తేడా ఉందని నేనే ఒప్పుకుంటా. చూసేవోడు బొటనవేలు పైకి తోసే లోపల వాణ్ణి ఆపాలి. నేను మామూలుగా "ఎండ బాగా ఉంది" అంటే ఎవడూ ఆగడు. "ఆయ్, ఎండ సంపేత్తందండి బాబూ" అంటే ఆగుతాడు. కింద కామెంట్లు "భలే ఉంది గోదారి యాస" అని. ఆ కామెంట్లు పెట్టేవోళ్ళలో సగం మంది హైదరాబాద్, బెంగళూరు, డల్లాస్. మా ఊరోళ్ళెవరూ యాస బాగుందని కామెంట్ పెట్టరు కదా. వాళ్ళకది యాస కాదు, మాట.

సూక్ష్మాలు నేను ప్రయత్నించా మాస్టారూ. మా పెదనాన్న దింపు కార్మికుడు. ఆయన చెట్టెక్కుతూ మాట్లాడింది మాట్లాడినట్టు, కటింగ్ లేకుండా పెట్టా. కాయ కోసే దింపు, పీచు తీసే ఒలుపు, లోపల ఎండిన కాయ కురిడీ అన్నీ ఆయన నోట్లోంచే వచ్చాయి. వీడియో పోలేదు. అదే ఆయన చెట్టు మీంచి నన్ను తిట్టిన ముక్క విడిగా పెడితే ఎగిరిపోయింది.

ఇంకో సంగతి మీరెవరూ అనలేదు. యాప్‌కి భయపడి కూడా మాటలు మారతన్నాయి. సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర తీసిన వీడియోలో పందెం అన్న మాట పెడితే నాది తీసేశారు. అది చట్టప్రకారం నిషేధమే, కాదన్ను. ఇప్పుడు కుర్రాళ్ళు పందెం అనరు, "సంక్రాంతి క్రికెట్" అంటారు. డేగ పుంజుకీ కాకి పుంజుకీ మధ్య మ్యాచ్ అంటారు. చావు, రక్తం లాంటి మాటలు రాసేటప్పుడు నడుమ చుక్కలు పెడతారు. మా చెల్లెలు చుట్టాలింట్లో పెద్దాయన పోయారని మెసేజ్ పెడుతూ కూడా చుక్కలు పెట్టింది. అలవాటైపోయింది.

వనామీ_బాధితుడు (ఆకివీడు దగ్గర)

సంక్రాంతి క్రికెట్ 😂 మా వైపు "ఫ్యామిలీ ఫంక్షన్" అంటారు.

పాలేరు_మనవడు

అందరూ అండి పోతోందని బెంగపడుతున్నారు కాబట్టి నేనొక మాట చెప్తాను. కొంతమందికి నచ్చదు.

మా తాత ఒక కామందు దగ్గర పాలేరు. కామందుగారి కొడుకు, పలక పట్టుకునే వయసు, వాణ్ణి కూడా మా తాత "బాబుగారండి" అనేవాడు. వాడు మా తాతని పేరు చివర గాడు తగిలించి "ఒరేయ్" అనేవాడు. మా తాత "ఆయ్" అనేవాడు. ఆ ఆయ్ రీల్స్‌లో నవ్వుతూ అనే ఆయ్ కాదు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని అనే ఆయ్. మాస్టారు ఆయ్ అంటే బదులు అన్నారు. నిజమే. ఎవరు పిలిచేవాళ్ళు, ఎవరు బదులు పలికేవాళ్ళు అన్నది కూడా చెప్పుంటే బాగుండేది.

గోదారోళ్ళ మర్యాద అని ఊరేగిస్తారు. కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిన వీడియో 2022 సంక్రాంతికి దేశమంతా తిరిగింది, చూసి మేమూ నవ్వుకున్నాం. కానీ ఆ మర్యాద కొన్ని వీధులకి ఇవ్వడమే తప్ప పుచ్చుకోవడం లేదు. ఇప్పుడు మా తమ్ముడు ఆ కామందుగారి మనవణ్ణి బ్రో అంటాడు, అతనూ వీణ్ణి బ్రో అంటాడు. ఒకే క్రికెట్ టీము, ఒకే వాట్సాప్ గ్రూపు. బ్రో ఎక్కణ్ణించి వచ్చిందో నాకనవసరం. మా ఇంటికి అది మంచే చేసింది.

ఇంకోటి. "సెప్పాడు", "ఎల్లాం", "సూసేవా" అన్నందుకు బళ్ళో మాకు మొట్టికాయలు పడ్డాయి. సినిమాల్లో ఆ మాటలు నౌకరు పాత్రకి పెట్టేవారు. ఇప్పుడు పెద్ద మేడలో పుట్టినమ్మాయి కెమెరా ముందు "సెప్పండి" అంటే ముద్దొస్తోంది. మా అక్క అదే మాట బ్యాంకు కౌంటర్లో అంటే ఇప్పటికీ మొహం చిట్లిస్తారు. యాస పెరిగిందా తగ్గిందా అని కాదు, ఎవరి నోట్లో ఉంటే ముద్దు, ఎవరి నోట్లో ఉంటే మొరటు అని అడగండి.

[ఈ వ్యాఖ్య తొలగించబడింది]

నిర్వాహకుడు

పై వ్యాఖ్య కులం పేరుతో దూషణ ఉన్నందున తీసేశాం. పాలేరు_మనవడు గారి అభిప్రాయంతో విభేదించవచ్చు, ఆయన ఇంటి పేరు ఆరా తీయడం కుదరదు. చర్చ మూయడం లేదు, కొనసాగించండి.

తెలుగు_మాస్టారు

పాలేరు మనవడు గారూ, మీ తాతగారి గురించి మీరు రాసింది చదివి కాసేపు ఫోను పక్కన పెట్టాను.

బడి విషయంలో మాత్రం మీతో ఏకీభవించను. బళ్ళో చెప్పాడు అని రాయడం నేర్పాలి. దరఖాస్తు, పరీక్ష, ఉద్యోగం అన్నీ ఆ భాషలోనే ఉన్నాయి, అది చేతికివ్వకపోతే నష్టపోయేది బీదింటి పిల్లలే. ఇంట్లో మాట తప్పు అని చెప్పకుండానే ఆ పని చెయ్యొచ్చు. మొట్టికాయ అక్కర్లేదు.

ఇది కొత్త గొడవా కాదు. గ్రాంథికం పోవాలని 1919లో మన రాజమండ్రిలోనే వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టారు. కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షులు, గిడుగు రామమూర్తి గారు కార్యదర్శి. గిడుగు వారు పోరాడింది వాడుక భాష కోసమే. కానీ ఆయన అడిగింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్ళు మాట్లాడుకునే వాడుక. మీ తాతగారి మాట అందులోకి రాలేదు. ఆ మాట ఇవాళ ఫోన్లోకి వచ్చింది, పేపర్లోకి రాలేదు. ఈ తేడా మీద ఎవరైనా యువకులు పని చేస్తే బాగుండును.

ఓరుగల్లు_కోడలు (అమలాపురం)

మాది వరంగల్ సైడు, ఇక్కడికి కోడలుగ వచ్చిన. ఇన్నిరోజులు చదివి ఊకున్న, ఇప్పుడు చెప్తా.

మాస్టారు శిష్ట అన్నరు కదా, ఆ శిష్టులు ఎవరు? కృష్ణా గోదావరి జిల్లాలోల్లే. మీ మాటనే కొంచెం కడిగి ఆరేసి పుస్తకాలల్ల పెట్టిన్రు. మా మాటకు బళ్ళె, రేడియోల, సినిమాల జాగ లేకుండె. పెళ్ళైన కొత్తల నేను "అత్తమ్మా, చాయ్ పెట్టాల్నా" అంటే ఇంటినిండ నవ్వుడే. అత్తయ్యగారూ అనాలంట. అల్లుడొస్తె ఏంకావాలండి అని వంగి వంగి అడిగే ఇంట్ల, కోడలు మాట్లాడితె నవ్వుడు ఏం మర్యాద అనుకున్న.

2014ల మా రాష్ట్రం వచ్చినంక, కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేసినంక, సినిమాలల్ల హీరోనే మా తీరు మాట్లాడుడు మొదలువెట్టినంక కథ మారింది. ఇప్పుడు మా మరిది కొడుకు, ఇక్కడ్నే పుట్టి ఇక్కడ్నే పెరిగిన పోరడు, నాతోని "పెద్దమ్మా, మస్తుంది, ఏంది లొల్లి" అంటడు. ఎక్కడ నేర్చినవ్ రా అంటే ఇన్‌స్టా అంటడు. నా దగ్గర నేర్చుకోలేదు సూడుండ్రి, ఫోన్ల నేర్చిండు! వాడు వలికేది మా ఊరోల్లకు నవ్వొచ్చేతట్టుంటది, అది వేరే ముచ్చట. అయినా మంచిగనే అనిపిస్తది.

అత్తమ్మ మాత్రం నన్నే అంటది, నావల్లనే పిల్లలు చెడిపోయిన్రని.

గౌతమి_గట్టు

కోడలుగారూ, మా షాపులో కూడా "దావత్" అన్న మాట వినపడుతోంది. ఇదివరకు మన పిల్లలు "పార్టీ ఇవ్వరా" అనేవారు.

కెమెరా_కుర్రోడు

అక్కా, మీ మరిది కొడుకు మీ యాసని పాడు చేసినట్టే మా యాసని వరంగల్ కుర్రాళ్ళు పాడు చేత్తన్నారు. లెక్క సరిపోయింది 😄

వనామీ_బాధితుడు

నాకు భాష గురించి పెద్దగా తెలవదండి. మాకున్నది రొయ్యల చెరువులు. మా గ్రూపుల్లో జరిగేది చెప్తాను, పనికొస్తే తీసుకోండి.

రేట్ల గ్రూపులో ఎవడూ టైపు చెయ్యడు. అందరూ వాయిస్ పెడతారు. తెల్లారకుండానే మొదలు. "ఆయ్, ఇయ్యాల వంద కౌంటు ఎంతండి", "మా చెరువులో డీవో పడిపోయిందండి, ఎయిరేటర్లు రాత్రంతా తిరిగినా తేలిపోతన్నాయి", ఇట్టా. కౌంటంటే కిలోకెన్ని రొయ్యలో, డీవో అంటే నీళ్ళలో ఆక్సిజను. ఏలూరు వైపు మాట వేరు, నర్సాపురం వైపు వేరు, కైకలూరోళ్ళది వేరు. మొహం చూడకుండా గొంతు వినే ఏ ఊరో చెప్పేయచ్చు. మాస్టారు అన్న వత్తన్నాడు, చూత్తాను అన్నీ అందులో ఉంటాయి. అక్కడ చూపించుకోవడానికేం లేదు, రేటు తెలిస్తే చాలు.

కొత్త మాటలు కూడా అక్కడే పుడతన్నాయి. మాలో ఎవడన్నా నీరసంగా కూర్చుంటే "ఈడికి డీవో తగ్గిందిరా, ఎయిరేటరెయ్యండి" అంటాం. పెళ్ళిలో తిండి దగ్గర ఎగబడితే "మేతేసినట్టున్నారు" అంటాం. కొత్తగా ఎవడన్నా ఎక్కువ గొప్పలు పోతే "ఎన్నో కౌంటు రా నువ్వు" అంటాం. కౌంటు తక్కువైతే రొయ్య పెద్దది, ఎక్కువైతే పిల్ల. బయటోడికి అర్థం కాదు. ఇయ్యేవీ రీలుకెక్కవు. ఎక్కాలని మాకూ లేదు.

హాస్టల్_రూమ్‌మేట్

అన్నా "ఎన్నో కౌంటు రా నువ్వు" సూపర్. రేపట్నించి మా ఫ్లోర్ అంతా ఇదే.

ఇక్కడ ఒకటి గమనించారా? కొత్త మాటలన్నీ ఫోన్‌లోంచి వస్తున్నాయని అందరూ అంటున్నారు. కానీ పులిహోర కలపడం, గాలి తీయడం, డబ్బా కొట్టడం ఇవన్నీ ఇన్‌స్టా పుట్టించిందా? హాస్టళ్ళలో, సెంటర్లలో ఎప్పట్నించో ఉన్నవే. ఫోన్ చేసిందల్లా ఒక కాలేజీ మాటని వారంలో అన్ని కాలేజీలకీ తోసేయడం. అంత తొందరగా పాతబడిపోవడం కూడా దానివల్లే. పోయినేడు మేం అన్న మాటలు ఇప్పుడు ఫస్టియర్ వాళ్ళ ముందంటే "అన్నా, క్రింజ్" అంటున్నారు. నాకు పందొమ్మిదేళ్ళు, అప్పుడే పాత తరం అయిపోయా.

కువైట్_అమ్మ (ఊరు మలికిపురం మండలం)

ఇది మాట్లాడి టైపు చేత్తన్నాను తప్పులుంటే ఏమనుకోకండి నేను ఏడో తరగతి దాకా చదివాను తెలుగు బాగానే చదువుతాను

మా అబ్బాయి అమ్మాయి అమ్మమ్మ దగ్గరుంటారు వాళ్ళు మెసేజ్ పెడితే తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాలతో పెడతారు నాకు కూడబలుక్కుని చదివేసరికి పనికి పిలుపొచ్చేసుద్ది ఓసారి ఎదురింటోళ్ళ గురించి పాడి ఉంది అని పెట్టాడు నేను పది ఉంది అని చదివాను పది ఏంటిరా అంటే పాడి అమ్మా గేదెలు అన్నాడు పడి ఉంది అని కూడా చదవచ్చంట అప్పట్నించీ వాయిసే పెట్టమన్నాను ఐమోలో మాట్లాడతాం

మీరందరూ ఫోన్ వల్ల మాట మారిందంటన్నారు మా కోనసీమలో ఫోన్ రాకముందే మారింది అకామా అంటే అక్కడుండే పర్మిటు అది తెలియని ఇల్లుందా ఖద్దామా వీసా అంటే ఇంటి పనోళ్ళ వీసా అది తెలియని ఆడమనిషి ఉందా కఫీలు అంటే వీసా ఇచ్చే యజమాని వాడు మంచోడా కాదా అని దేవుడికి మొక్కుకుంటారు నేను సెలవుకి ఇంటికెల్తే పని అయిపోగానే నోట్లోంచి ఖలాస్ అని వచ్చేత్తది మా అమ్మ కూడా ఇప్పుడు ఖలాస్ అంటది ఆవిడ ఎప్పుడూ రాజమండ్రి దాటలేదు

మా అబ్బాయి నాతో మాట్లాడేటప్పుడు అమ్మా ఏం తిన్నావే అంటాడు వాడి వీడియోల్లో మాత్రం హాయ్ ఫ్రెండ్స్ అంటాడు ఆ గొంతు నాకు కొత్తగా ఉంటది రెండు గొంతులూ వాడివే

తణుకు_టు_మాదాపూర్

కువైట్ అమ్మగారూ, మీరు రాసింది గట్టిగా చదువుకున్నాను, నిజంగా వినిపించింది.

మీరన్నది పట్టుకుని ఒక మాట. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలెట్టి 1852కి పూర్తిచేశాక కాలవలతో పాటు మాటలూ పారాయి. లాకులు, కాలవ నీళ్ళు చూసుకునే లస్కరు అంటే ఇవాళ మనకి పరాయి మాటలనిపించవు. లాకులు లేని గోదారి జిల్లాని ఊహించలేం. తేడా ఏమిటంటే లాకు కళ్ళముందు ఉంది, మాట దానికి అంటుకుని నిలబడింది. ఖద్దామా కూడా అంతే, ఆ బతుకు ఉన్నన్నాళ్ళు ఆ మాట ఉంటుంది. క్రింజ్ దేనికి అంటుకుని నిలబడుతుంది? వచ్చే ఏడాది ఇంకోటి వస్తుంది. అందుకని అరువు మాటల గురించి నాకు భయం లేదు. అవి వస్తాయి పోతాయి. పోయిందంటే తిరిగిరాంది పలకరింపు. ఎవరితో ఎలా మొదలెట్టాలి, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు "మరేనండి" అనాలి, ఎటకారం చేస్తూ కూడా అవతలి మనిషి నొచ్చుకోకుండా ఎలా తిప్పాలి. అది వీడియో చూస్తే రాదు. ఎందుకంటే వీడియో బదులివ్వదు.

పాలేరు_మనవడు

తణుకన్నా, ఎటకారం విషయంలో మీతో నూరుపాళ్ళు. మా అమ్మమ్మ ఊరు మొత్తాన్ని ఒక్క "అలాగేనండీ బాబూ"తో దులిపేసేది. ఎదుటోడు ఇంటికెళ్ళాక గానీ తెలిసేది కాదు. ఈ రీల్స్‌లో ఎటకారమంటే పక్కనోణ్ణి కొట్టి నవ్వడమే.

అండి మాత్రం రెండువైపులా తిరిగేదైతే ఉంచండి.

ఓరుగల్లు_కోడలు

అత్తమ్మకు చదివి వినిపించిన. "ఆ అబ్బాయెవరో గానీ బాగా చెప్పాడు, ఏ ఊరో అడుగు" అన్నది. నిర్వాహకుడు గారు అడగొద్దన్నరు అని చెప్పిన.

తెలుగు_మాస్టారు

కెమెరా కుర్రోడు గారికి ఒక విన్నపం. మీ పెదనాన్నగారి కటింగ్ లేని వీడియో ఎవరూ చూడలేదన్నారు. దయచేసి దాన్ని చెరిపెయ్యకండి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వచ్చింది, వ్యవసాయం మాటల మీద. ఊళ్ళు తిరిగి, రైతుల్ని అడిగి రాసుకుని కూర్చిన పని. కాగితం మీద మాట దొరుకుతుంది, గొంతు దొరకదు. ఆ గొంతు మీ ఫోనులో ఉంది. సార్వా అనే తొలిపంటలో దుక్కి మాటలు, దాళ్వా అనే రెండో పంటలో నీటి వంతుల మాటలు, లంకల్లో పొగాకు, కూరగాయల మాటలు, రేవుల్లో పడవవాళ్ళ మాటలు తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. చూసేవాళ్ళ కోసం కాకుండా దాచుకోవడం కోసం తీయండి.

కెమెరా_కుర్రోడు

తీత్తాను మాస్టారూ. కానీ ఫోన్లో ఖాళీ లేదు, అదొక్కటే ఇబ్బంది. ఉన్న ఖాళీ అంతా అత్తా కోడళ్ళే.

వనామీ_బాధితుడు

మా వాయిస్ మెసేజులు కావాలంటే ఇస్తాం గానీ బూతులు తీసేసి వినాలి.

గౌతమి_గట్టు

ఒక సాంకేతిక సందేహం, ఇక్కడ పిల్లలు చెప్తారని. నేను తెలుగు కీబోర్డులో "వచ్చేడు" అని కొడుతుంటే అది పైన "వచ్చాడు" చూపిస్తుంది, చూసుకోకపోతే అదే పడిపోతుంది. పైన కువైట్ అమ్మగారి మాటలు కూడా సగం దిద్దేసినట్టుంది. నా మాట నన్ను రాయనివ్వడానికి దారేమైనా ఉందా?

కువైట్_అమ్మ

అవునండి నేను ఎల్తాను అంటే అది వెళ్తాను అని రాత్తంది కొన్నిసార్లు వినిపించుకుంటది కొన్నిసార్లు లేదు

హాస్టల్_రూమ్‌మేట్

అంకుల్, కీబోర్డు సెట్టింగ్స్‌లో నిఘంటువు అని ఉంటుంది, దాంట్లో వ్యక్తిగత నిఘంటువు, తెలుగు. ప్లస్ గుర్తు నొక్కి మీ మాట చేర్చుకోండి. తర్వాత మొదటి రెండక్షరాలు కొట్టగానే అదే సూచిస్తుంది. దానంతటది దిద్దడం వద్దంటే ఆటో కరెక్షన్ ఆపేయండి. వాయిస్ టైపింగ్‌కి మాత్రం ఇది పనిచేయదు, ఆంటీకి సారీ.

గౌతమి_గట్టు

చేశాను బాబూ, పనిచేసింది. వచ్చేడు, చేసేడు, ఎళ్ళేడు మూడూ ఎక్కాయి. వత్తన్నాడు కూడా ఎక్కించాను గానీ అది ఇంకా పక్కనే వస్తున్నాడు పెట్టి అడుగుతోంది, నిజంగానే అంటున్నావా అన్నట్టు.